లైటు పడినంత మేరకే వేగం

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు 3 శాతం సైకిలు మీద వెళ్తున్నవారు. తెల్లవారుజామున 4 గంటలకు పేపర్లు వేసే కుర్రాళ్లకూ, రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చే వాచ్‌మెన్లకూ తరచుగా సైకిలు తప్ప వేరే బండి ఉండదు. చీకటి దారి వాళ్లకు తప్పదు కాబట్టి, ఎంత వేగానికి ఎంత దూరంలో ఆగగలమన్న లెక్క ముందుగా వాళ్లకే తెలియాలి.

విజయవాడలో బందరు కాలువ గట్టున వీధిదీపాలు వెలగని చోట గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకుందాం. అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. గుంతను గమనించి బ్రేకు నొక్కేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది. ఈలోపే సైకిలు 8 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి తారు మీద, మంచి బ్రేకులుంటే, ఆగడానికి ఇంకో 5 మీటర్లు కావాలి. మొత్తం 13. వేగం 25 అయితే 18 మీటర్లు, 15 అయితే 9, పదికి తగ్గిస్తే ఐదున్నర. అరిగిన బ్రేకు రబ్బర్లూ, గట్టు మీది ఇసకా ఈ దూరాన్ని ఇంకా పెంచుతాయి.

మరి మీ లైటు 13 మీటర్ల అవతల ఉన్న గుంతను చూపిస్తుందా? 5 మీటర్ల దగ్గర పడే వెలుగు 15 మీటర్ల దగ్గరికి వెళ్లేసరికి తొమ్మిదో వంతే మిగులుతుంది. సెల్‌ఫోను టార్చి వెలుగు నాలుగు పక్కలా చెదిరిపోతుంది కనుక, దాన్ని నమ్ముకుని పదికి మించి తొక్కకూడదు. డబ్బా మీద వేసే ల్యూమెన్లు మొత్తం వెలుగెంతో చెబుతాయే గానీ అది ఎక్కడ పడుతుందో చెప్పవు. సైకిలు లైట్లకు జర్మనీ పెట్టిన నిబంధన 10 మీటర్ల దూరంలో ఎంత వెలుగు పడాలో చెబుతుంది: కనీసం 10 లక్స్. నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్ దాటదు.

లైటు నుదుటికి కట్టుకుంటే గుంత నీడ మన కంటికి చిక్కదు, నేలంతా చదునుగా కనిపిస్తుంది. అదే హ్యాండిల్‌కు బిగిస్తే చిన్న రాయికి కూడా పొడవాటి నీడ పడుతుంది. నేలకు 90 సెంటీమీటర్ల ఎత్తులో బిగించి, గోడకు 5 మీటర్ల దూరంలో నిలబడి చూడండి. వెలుగు నడిబొడ్డు గోడ మీద 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే అది దారి మీద 15 మీటర్ల దగ్గర పడుతుంది, ఎదురొచ్చేవారి కళ్లలోనూ కొట్టదు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎదుటి హెడ్‌లైటు దాన్ని క్షణాల్లో పోగొడుతుంది. అప్పుడు తొక్కడం ఆపేయడమే మేలు.

వెనక సంగతి వేరు. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆగడానికి 35 మీటర్లు కావాలి. రిఫ్లెక్టరు మెరవాలంటే కారు లైటు దాని మీద సూటిగా పడాలి, మలుపులో అది పడదు. అందుకే తనంతట తాను వెలిగే ఎర్రలైటు కావాలి. పెడళ్లకూ చీలమండలకూ మెరిసే పట్టీ అంటిస్తే అది కాళ్లతో పాటు పైకీ కిందికీ ఆడుతుంది. అక్కడ మనిషి ఉన్నాడని డ్రైవరుకు దూరం నుంచే తెలిసిపోతుంది.