గుండెపోటు పరిశోధనలో శస్త్రవిధానములు

గుండె శరీరమంతటికిని రక్తమును పంపును. కాని తన కండరమునకు కావలసిన రక్తమును అది కరోనరీ ధమనులను ప్రత్యేక నాళముల ద్వారా పొందును. ఈ ధమనులలో ఒకటి మూసికొనిపోయినచో, దానిపై ఆధారపడిన కండరభాగము ప్రాణవాయువు అందక చనిపోవును. ఇదియే గుండెపోటు.

ఈ కండరమును ఏ మందు కాపాడగలదో మొదటనే రోగిపై ప్రయోగించి చూడరాదు. అందుచే శాస్త్రజ్ఞులు మత్తుమందిచ్చిన జంతువులో కరోనరీ ధమనిని దారముతో బిగించి, కృత్రిమముగా గుండెపోటును కల్పింతురు. చెప్పుటకు ఇది సులభమే. చేయుటలో చిక్కులు కలవు.

ధమనిని ఒక్కసారిగా బిగించినపుడు జఠరికలు లయ తప్పి వణకి, జంతువు కొద్ది నిమిషములలోనే చనిపోవచ్చును. అమెరికాలో హారిస్ అను శాస్త్రజ్ఞుడు 1950లో ప్రకటించిన విధానములో కుక్క ధమనిని రెండు దశలలో మూసెను. మొదట కొంత ఇరుకుచేసి, అరగంట తరువాత పూర్తిగా బిగించెను. ఈ చిన్న మార్పుతో ఎక్కువ జంతువులు బ్రతికినవి. తరువాతి దినములలో గుండెలో కలుగు మార్పులను పరిశీలించుటకు వీలు కలిగెను.

నేడు విరివిగా వాడబడు జంతువు చుంచెలుక. దాని గుండె బరువు గ్రాములో అయిదవవంతు కూడ ఉండదు. నిమిషమునకు సుమారు 500 సార్లు కొట్టుకొనును. రొమ్మును విప్పగానే ఊపిరితిత్తులు ముడుచుకొనిపోవును. కనుక వాయునాళములో గొట్టమును దూర్చి, యంత్రముతో శ్వాస నడపవలెను. ఇంత కోత శరీరములో తాపమును, వాపును కలిగించును. గుండెపోటు వలనను వాపు కలుగును. ఇక రక్తములో కనిపించు మార్పు గుండెకు చెందినదా, కోతకు చెందినదా? దీనిని తేల్చుటకు మరికొన్ని ఎలుకలకు అదే కోతను చేసి, దారమును దూర్చి, బిగింపక విడుతురు. రెండు గుంపులకు గల భేదమే గుండెపోటు ఫలితము.

కోతనే తగ్గించుట ఇంకను మేలు. 2010లో అమెరికాలో గావో, ఆయన సహచరులు ఒక క్రొత్త పద్ధతిని ప్రకటించిరి. ప్రక్కటెముకల నడుమ చిన్న రంధ్రము చేసి, గుండెను మెల్లగా వెలికి జార్చి, ధమనిని బిగించి, వెంటనే లోపలికి పంపి, రొమ్ములో చేరిన గాలిని వెడలగొట్టి చర్మమును మూయుదురు. శ్వాసయంత్రముతో పనిలేదు. పాత పద్ధతికి 27 నిమిషములకు పైగా పట్టగా, దీనికి సుమారు 1.2 నిమిషములు చాలెను. ఇట్టి వేగము గట్టి అభ్యాసము వలననే అలవడును.

పంది గుండె ధమనుల అమరిక మానవుని దానిని పోలియుండును. అందు రొమ్మును కోయకయే, కాలి ధమని ద్వారా సన్నని గొట్టమును పంపి, దాని కొననున్న బుడగను ఉబ్బించి ధమనిని మూయవచ్చును.

ధమనిని ఒక ఎలుకలో కొంచెము పైన, మరొకదానిలో కొంచెము క్రింద బిగించినచో, దెబ్బతిను భాగమును మారును. మందు పనిచేసినదా, దారము తప్పు చోట పడినదా అనునది తెలియదు. కాబట్టి కండరపు ముక్కలను రంగుద్రవములో ముంచుదురు. బ్రతికిన భాగము ఎర్రబడును. చచ్చినది పాలిపోయి ఉండును. అపాయమునకు గురియైన భాగములో చచ్చినది ఎంతవంతో అప్పుడు లెక్కింతురు.

ఈ శ్రమ వృథా కాలేదు. గుండెపోటు కలిగించిన ఎలుకలకు కాప్టోప్రిల్ అను మందిచ్చినపుడు అవి ఎక్కువ కాలము బ్రతికినవని 1985లో తెలిసెను. 1992లో 2,231 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితములు వెలువడెను. మందు తీసికొన్నవారిలో మరణములు 19 శాతము తగ్గెను. కాని సైక్లోస్పోరిన్ జంతువులలో ఆశ చూపినను, 2015లో ప్రకటింపబడిన పెద్ద పరీక్షలో రోగులకు మేలు చేయలేదు. ప్రయోగశాల జంతువు సాధారణముగా పడుచుది, ఆరోగ్యముగలది. రోగి తరచు వయసు మళ్ళినవాడు, మధుమేహము వంటి ఇతర వ్యాధులు కలవాడు.

శస్త్రవిధానము ఒకే తీరుగా సాగినకొలది ఫలితములలో తారతమ్యము తగ్గును. తక్కువ జంతువులతోనే నిజము తేలును. జంతువుకు బాధ తగ్గించుట, రోగికి సరియైన సమాధానము చెప్పుట అను రెండు పనులును ఇట్లు ఒకే మార్గమున నెరవేరుచున్నవి.