పైపులైన్ దారిలో పాటిదిబ్బ ఉంటే?

ఇబ్రహీంపట్నంలో తల పైకెత్తితే థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. కాళ్ల కింద ఏముందో మాత్రం కనిపించదు. పక్కనే ఉన్న కొండపల్లి డిపోలకు విశాఖ నుంచి చమురు పైపుల్లోనే వస్తుంది. పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్లు 2015లో కృష్ణలో కలిసిందీ ఇక్కడే. రేపు ఇంకో పైపులైన్ వేయాలంటే దాని దారిలో ఏ చరిత్ర ఉందో ముందే ఎలా తెలుస్తుంది?

సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు మొదట తట్టేది మ్యాపే. శాటిలైట్ చిత్రం మీద పైపు గీత గీసి, రక్షిత కట్టడాల చుట్టూ వలయాలు వేస్తే సరి. ఉండవల్లి గుహల్లాంటి కేంద్ర రక్షిత కట్టడాలకు 100 మీటర్ల వరకు నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్లు అనుమతి ఉండాలి. 2010లో చట్టాన్ని సవరించి ఈ లెక్క పెట్టారు. కంప్యూటర్‌కు ఇది నిమిషాల పని.

కానీ జాబితాలో లేని చోటు చుట్టూ కంప్యూటర్ వలయం గీయలేదు. అమరావతి స్తూపాన్ని కూడా ఒకప్పుడు జనం దీపాలదిన్నె అనే పిలిచేవారు. భట్టిప్రోలు స్తూపం రాళ్లు 19వ శతాబ్దంలో కాలువ పనులకు, వెల్లటూరు లాకు కట్టడానికి వెళ్లిపోయాయి. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాలు మొదలుపెట్టేసరికి మిగిలింది పునాదే. అయినా అందులోంచి ధాతు కరండాలు, బ్రాహ్మీ శాసనాలు బయటపడ్డాయి. ఆ మిగిలింది కూడా కాలువలో కలిసి ఉంటే?

అందుకే సర్వే అంటే నడకే. కోతలయ్యాక, దుక్కి దున్నాక పైపు గీత వెంట రెండువైపులా నడవాలి. నలుపు-ఎరుపు కుండపెంకులు, పెద్ద సైజు పాత ఇటుకలు, బూడిదరంగు మట్టి కనిపిస్తే జీపీఎస్‌లో గుర్తు పెట్టాలి. ఊరి పెద్దల్ని అడగాలి. పాటిమట్టి ఎక్కడ నుంచి తోలుకునేవారో రైతుకు తెలుసు. ఆ పాటిదిబ్బ ఒకప్పటి ఊరు. బొడ్రాయి, వీరగల్లు, చెట్టు కింది అమ్మవారు, బొమ్మల కోసం తెల్లపొణికి కొట్టుకునే కొండవాలు కూడా మ్యాపులోకి ఎక్కాలి. కాగితం మీద గీత జరపడానికి పెద్దగా ఖర్చు కాదు. పైపులు దించాక జరపాలంటే కోట్లు.

మరి మనమేం చేయాలి? చమురు, గ్యాస్ పైపులైన్లకు 1962 చట్టం ఉంది. నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లోగా, ఆ భూమితో సంబంధం ఉన్నవారు అధికారికి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. 'మా చేలో పాతకాలం దిబ్బ ఉంది' అని నోటిమాటగా చెబితే చాలదు. సర్వే నంబరు, ఫోటో, లొకేషన్ జతచేయండి. ఒక కాపీ పురావస్తు శాఖకు పంపండి. తవ్వుతుంటే నాణేలో, విగ్రహమో దొరికితే పంచుకోకండి. 10 రూపాయల విలువ దాటిన నిధి ఏదైనా కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది.

గ్యాస్ కావాలి, పెట్రోలు కావాలి. ఎవరూ వద్దనరు. పైపు నాలుగడుగులు పక్కకు జరగగలదు. పాటిదిబ్బ జరగలేదు.