కుక్క కాటుకు టీకా దెబ్బ!

ఏడాదికొక సూది - ఇంటిల్లిపాదికీ రక్షణ

పెద్దపల్లి: రెండో షిఫ్టు దిగి అర్ధరాత్రి ఇంటిదారి పట్టే గోదావరిఖని కార్మికునికి బాయిలో పైకప్పు భయం ఒకటైతే, బాటలో కుక్కల భయం మరొకటి. మాంసం దుకాణాల ముందు, చెత్త కుప్పల దగ్గర గుంపు కట్టిన కుక్కలు బండి చప్పుడు వింటే చాలు, వెంటపడతాయి. సుల్తానాబాద్, ధర్మారం, మంథని పల్లెల్లో తెల్లవారకముందే పొలానికి పోయే రైతుకూ, బడికి నడిచిపోయే పిల్లలకూ ఈ బాధ తప్పడం లేదు.

జిల్లాలో రైతులు బర్రెకు గాలికుంటు టీకా వేయిస్తారు. గొర్రెకు నట్టల మందు తాపుతారు. వాటికి కాపలా కాసే కుక్కను మాత్రం పశువుల దవాఖానకు తోలుకుపోయేవారు తక్కువ. వాకిట్లో మెతుకులు తినేటప్పుడు కుక్క అందరిదీ. టీకా వేయించవలసి వచ్చినప్పుడు అది ఎవరిదీ కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ముదిరితే మందు లేదు

పిచ్చికుక్క కాటువల్ల వచ్చే రేబిస్ వ్యాధి లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది ఈ వ్యాధికి బలి అవుతున్నారనీ, అందులో 36 శాతం మరణాలు భారతదేశంలోనే సంభవిస్తున్నాయనీ అంచనా. మృతుల్లో పిల్లలు కూడా పెద్ద సంఖ్యలో ఉంటున్నారు. కరిచిన 1 నుంచి 3 నెలల్లో సాధారణంగా లక్షణాలు కనిపిస్తాయి. ఒక్కొక్కప్పుడు ఏడాది కూడా పట్టవచ్చు. పుండు మానింది కదా అని ఊరుకోవడం అందుకే ప్రమాదం.

కుక్క కరిస్తే గాయం మీద కారం, సున్నం, పసరు పెట్టడం పల్లెల్లో ఇంకా పోలేదు. అవేవీ పనికిరావు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటికింద 15 నిమిషాలు కడగాలి. ఆ వెంటనే ప్రభుత్వ దవాఖానకు పోవాలి. నాభి చుట్టూ 14 సూదులు పొడుస్తారన్న పాత భయంతో వెనకాడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ పాతరకం మందు తయారీ దేశంలో 2004తోనే ఆగిపోయింది. ఇప్పుడు టీకా చేతికే వేస్తారు. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆపైన 3వ, 7వ, 28వ రోజున వెళితే చాలు. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే, గాయం చుట్టూ వేసే మరో మందు కూడా అవసరం. పిల్లి కరిచినా, గీరినా ఇదే జాగ్రత్త పాటించాలి.

కుక్కపిల్ల నాటి నుంచే

మనిషికి ఇన్ని సూదులు తప్పించాలంటే ముందు కుక్కకు సూది వేయించాలి. 3 నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, సుమారు నెల తర్వాత రెండోది, ఆపైన ఏడాదికి ఒకటి. పిల్లులకూ 3 నెలలు నిండగానే ఈ టీకా వేయించాలి.

కుక్కపిల్లలు రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే చచ్చిపోవడం చాలా ఇళ్లలో చూసే సంగతే. దిష్టి తగిలిందని అనుకుంటారు. చాలావరకు అది పార్వో వ్యాధి. 1978 ప్రాంతంలో బయటపడి ప్రపంచమంతా పాకింది. ఈ వ్యాధి క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఒక పిల్ల చచ్చిన వాకిట్లోకి టీకా వేయించని మరో పిల్లను తెస్తే దానికీ అదే గతి. 6 నుంచి 8 వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, 16 వారాలు నిండేవరకు పశువైద్యుడు చెప్పిన గడువుల్లో వేయించాలి.

మంద కుక్కకు నట్టల మందు

గొర్రె తల ఒక పక్కకు వాల్చి, ఉన్నచోటనే గుండ్రంగా తిరగడం గొల్లకురుమలు ఎరిగిన జబ్బే. దీనికి మూలం కుక్క కడుపులోని బద్దెపురుగు. కుక్క విసర్జనతో పురుగు గుడ్లు గడ్డిమీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె మెదడులో నీటితిత్తి పెరుగుతుంది. చచ్చిన గొర్రె తలకాయను కుక్కకు వేస్తే పురుగు తిరిగి కుక్క కడుపులోకే చేరుతుంది. మరో రకం బద్దెపురుగు వల్ల మనుషుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు ఏర్పడతాయి. తలకాయను, పాడైన పేగులను లోతుగా పాతిపెట్టి, కుక్కకు 3 నెలలకోసారి నట్టల మందు వేస్తే మందా దక్కుతుంది, మనిషీ దక్కుతాడు.

ఇంట్లో పిల్లి నలతగా ఉందని జ్వరం గోళీ వేయరాదు. మనిషికి మేలు చేసే పారాసిటమాల్ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి.

చంపితే తీరదు

వీధి కుక్కలను చంపితే పీడ విరగడవుతుందని కొందరి వాదన. అది చట్టవిరుద్ధం, పైగా వృథా. చంపినచోటికి పక్క ఊరి కుక్కలు చేరతాయి. వాటికి టీకాలు ఉండవు. కుక్కలకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే వదలాలని 2023 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఊళ్లో 100 కుక్కలుంటే కనీసం 70కి టీకా పడితే రేబిస్ వ్యాపించదని నిపుణుల నిర్ధారణ. గోవా రాష్ట్రం ఈ దారినే నడిచి, 2021లో రేబిస్ అదుపులో ఉన్న రాష్ట్రంగా ప్రకటించుకుంది.

1885 జులై 6న పాశ్చర్ ఒక బాలునికి తొలిసారిగా రేబిస్ టీకా వేయించి కాపాడాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జులై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా ఈ టీకాలు వేయడం ఆనవాయితీ. గ్రామ పంచాయతీలు ముందురోజే టాంటాం వేయించి, పశువైద్య సిబ్బందిని ఊళ్లోకే రప్పించుకుంటే మరీ మంచిది. ఎవరి వాకిట్లో మెతుకులు తింటుందో వారే ఆ కుక్క మెడకు తాడు వేసి తీసుకురావాలి. టీకా వేశాక ఇచ్చే చీటీని రేషన్ కార్డుతోపాటు దాచుకుంటే, మరుసటి ఏడు గడువు మరిచిపోకుండా ఉంటుంది.