హామ్లెట్‌ను ఎవరూ అడగని ప్రశ్న

డిగ్రీలో ఇంగ్లిష్ సాహిత్యం చదివినవాళ్లకు షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ గుర్తుండే ఉంటుంది. 1600 ప్రాంతంలో రాసిన విషాద నాటకం. మూడో అంకంలో డెన్మార్క్ యువరాజు హామ్లెట్ ఈ బతుకు ఎందుకు ఈడ్వాలని తనలో తాను తర్కించుకుంటాడు. ఆ స్వగతాన్ని మీ మాస్టారు వేదాంతంగా చెప్పి ఉంటారు. ఒకసారి డాక్టర్ చెవితో వినండి.

అందులో ‘నేను’ అన్న మాటే లేదు. అంతా ‘మనం’, ‘మనిషి’. బలవంతుల దౌర్జన్యం, తెమలని కోర్టు వ్యవహారాలు, అధికారుల పొగరు, చులకనైన ప్రేమ... లోకంలోని కష్టాలన్నీ ఏకరవు పెడతాడు. తండ్రి పోయిన సంగతి, రెండు నెలలైనా తిరక్కుండా తల్లి ఆయన సోదరుణ్నే పెళ్లాడిన సంగతి మాత్రం ఎత్తడు. మా ఓపీకి వచ్చేవాళ్లలోనూ చాలామంది ఇంతే. నిద్ర పట్టడం లేదనో, కడుపులో మంటనో మందులు అడుగుతారు. గుచ్చి అడిగితే ‘ఎవరి బతుకైనా ఇంతేగా సార్’ అంటారు. మీ ఇంట్లో ఎవరైనా ఇలా వైరాగ్యం మాట్లాడితే ‘ఏంటీ సినిమా డైలాగులు’ అని కొట్టిపారేయకండి. తిండి తగ్గినా, ఇష్టమైన పనులు వదిలేసినా, బాధ్యతలు హడావిడిగా ఎవరికో అప్పగిస్తున్నా మరీ జాగ్రత్త.

ఇప్పుడు ఆ సన్నివేశం చుట్టూ చూడండి. రాజు, మంత్రి పొలోనియస్ చాటున నక్కి ఉంటారు. హామ్లెట్ మనసుపడ్డ ఒఫీలియాను ఎరగా నిలబెడతారు. కన్నతల్లిని ముందే అక్కడి నుంచి పంపించేస్తారు. చిన్ననాటి స్నేహితులిద్దరిని పిలిపించిందీ ఆరా తీయడానికే. ఇంతమందిలో ‘నీకు చావాలనిపిస్తోందా’ అని అడిగినవాళ్లు లేరు. మనమూ పిల్లల ఫోన్ చెక్ చేస్తాం, వాళ్ల స్నేహితులను వాకబు చేస్తాం. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని నోరు మెదపం. అది అపోహ. నేరుగా అడగడం వల్ల ప్రమాదం పెరగదు. చాలామందికి గుండె బరువు దిగుతుంది.

‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని మెల్లగా అడగండి. అవునంటే తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు. చెప్పనివ్వండి. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు తాళం వేసి ఉంచండి. చనిపోయాక ఏముందోనన్న భయం హామ్లెట్‌ను వెనక్కి లాగుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ చావాలన్న తలపు, బతకాలన్న ఆశ పక్కపక్కనే ఉంటాయి. వైద్యానికి ఆ కాస్త సందు చాలు.

టెలి మానస్ 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణం మీదికొస్తే 108. మరో మాట: డిప్రెషన్ మందుల ప్రభావం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. గుణం లేదని వారానికే మాన్పించకండి.