గౌతమీ పులస: పిల్లల పెంపకమా, ఏటి దారియా?

ఆషాఢ శ్రావణములలో ఎగువదేశమున వానలు కురిసి గోదావరికి ఎర్రనీరు వచ్చిన తోడనే యానాము రేవున పల్లెకారుల నావలు గౌతమిలోనికి దిగును. సముద్రమున నున్నంతకాలము వలస యనియు, విలస యనియు పిలువబడు చేప ఆ ఎర్రనీటి కెదురీది ఏట ప్రవేశించి పులస యగును. పేరే కాదు, రుచియు మారుననుట గోదావరి ప్రజల అనుభవము. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత ఎరుగని తెలుగువారు అరుదు. శాస్త్రజ్ఞులు టెన్యులోసా ఇలిషా యని పేరిడిన జాతి యిదియే. వంగదేశీయులు ప్రాణప్రదముగా చూచుకొను ఇలిశ చేపయు నిదియే.

ఇప్పుడీ చేప గౌతమిలో మిక్కిలి అరుదైపోయినది. ఒక్క పులసకు వేలకొలది రూపాయలు పలుకుటయు, ఒడిశా వంగ తీరములనుండి మంచులో పెట్టి తెచ్చిన చేపలను పులసలని చెప్పి అమ్ముటయు నందుకు తార్కాణములు. దీనిని మరల వృద్ధిచేయుట యెట్లు? గ్రుడ్లను కృత్రిమముగా పొదిగించి, పిల్లలను ఏటిలో విడువవలెనని కొందరందురు. ఏటిని బాగుచేయనిదే పిల్లలను విడుచుట వ్యర్థమనియు, ఒకప్పుడు హానికరము కూడ ననియు మరికొందరి వాదము. ఈ రెండు పక్షములలోను చేపపై ప్రేమగలవారే యున్నారు గనుక విషయమును కొంత లోతుగా పరిశీలించుట యుక్తము.

పులస ఉప్పునీట పెరిగి మంచినీట గ్రుడ్లుపెట్టు జాతి. పెద్ద ఆడుచేప కడుపున పదిలక్షలకు మించిన గ్రుడ్లుండుట కలదు. అవి ఇంచుమించు ఒక దినములోనే పొదుగును. పిల్లలు కొన్ని నెలలు ఏటిలో మేసి, నదీముఖమున కొంతకాలము గడపి, పిదప సముద్రము చేరును. కావున దీని బ్రతుకునకు మూడు చోట్లు కావలెను: కడలి, మొగ, ఎగువ మంచినీరు. ఇందేది చెడినను తక్కిన రెండును నిష్ప్రయోజనములే.

ఎగువ దారి చెడుట ఇటీవలి సంగతి కాదు. ధవళేశ్వరమువద్ద సర్ ఆర్థర్ కాటను 1847లో ప్రారంభించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. ఆనకట్టలవలన నదులలో ఎదురెక్కు చేపల రాకపోకలు చెడుచున్నవని ఫ్రాన్సిస్ డే తన 1873 నాటి నివేదికలో హెచ్చరించెను. కాటను దొరను సంకల్పములో స్మరించిన పుణ్యభూమిలో ఈ మాట కటువుగా తోచవచ్చును. అన్నము పెట్టిన ఆనకట్టయే చేపదారికి అడ్డు నిలిచినదనుట మాత్రము కాదనరానిది. పాత ఆనకట్టకు బదులుగా తలుపులతో కూడిన బారేజి ఏర్పడిన తరువాతను ఆ అడ్డు తొలగలేదు. పోలవరము కట్టడమున చేపలెక్కుటకు మెట్లదారి నిర్మించిరి, మంచిదే. కాని యానామునుండి బయలుదేరిన పులస పోలవరము చేరవలెనన్న ముందు ధవళేశ్వరము దాటవలెను గదా!

ఇక పొదుగుశాలల మాట. ఇది క్రొత్త ఆలోచన యని పలువురు తలంతురు. 1909 ప్రాంతముననే మదరాసు మత్స్యశాఖవారు కావేరి శాఖయైన కొల్లడమున ఈ చేప గ్రుడ్లను కృత్రిమముగా పొదిగించిరి. ఆ ప్రయత్నము స్థిరపడలేదు. 1934లో మేట్టూరు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కావేరిలో ఈ చేపయే క్షీణించిపోయినది. పిల్లలను పుట్టించు విద్య మొదట పరీక్షింపబడిన నదియే వరదనీటిని కోల్పోయి చేపను కోల్పోవుట ఆలోచింపదగిన విషయము.

పులసను పెంచుటలోని చిక్కులును సామాన్యములు కావు. చేయి తగిలిన పొలుసు రాలును. వలలో పడిన కొలది సేపటికే ప్రాణము విడుచును. పిల్లలకు కంటి కానని సజీవాహారము సమకూర్పవలెను. బారక్‌పూరులోని కేంద్ర మత్స్యపరిశోధన సంస్థవారు 2012 తరువాత ఈ కృషిని విస్తరించి, పిల్లలను చెరువులలో పెంచుటలో కొంత జయము పొందిరి. గంగపై 1975లో వినియోగమునకు వచ్చిన ఫరక్కా బారేజికి దిగువ పట్టిన ప్రాణముగల చేపలను ఎగువకు చేర్చి విడుచుటయు వారి కార్యక్రమములోనిదే. ఇది పొదుగుశాల మార్గమునకును, ఏటి మార్గమునకును నడుమనున్న ఉపాయము. అడ్డమును తొలగింపలేనిచోట చేపను అడ్డము దాటించుట.

ఈ తగవు పడమటి దేశములలో సాల్మను చేపవలన మనకంటె ముందే ముదిరినది. 1872లో లివింగ్‌స్టన్ స్టోను కాలిఫోర్నియాలోని మెక్‌క్లౌడ్ నదిపై సాల్మను గ్రుడ్లు పొదిగించుట మొదలుపెట్టెను. ఆ తరువాత ఆనకట్టలు కట్టినచోట్ల పొదుగుశాలలు నష్టపరిహారమువలె వెలసెను. అయితే ఆరెగాన్ రాష్ట్రపు హుడ్ నదిలో స్టీల్‌హెడ్ చేపలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, కట్టుబాటులో పెరిగిన ఒక్కొక్క తరమునకు ఏటిలో సంతానము కనుశక్తి ఇంచుమించు నూటికి నలువది వంతున తగ్గుచున్నదని 2007లో ప్రకటించిరి. తొట్టిలో బ్రతుకుటకు తగిన గుణములు ప్రవాహమున బ్రతుకుటకు చాలకుండుటయే యిందు ముఖ్యకారణమని తోచును. వాషింగ్టను రాష్ట్రపు ఎల్వా నదిపై రెండు ఆనకట్టలను 2011 మొదలు 2014 వరకు తొలగించినప్పుడు, అచ్చట పొదుగుశాల పిల్లలను విడువరాదని సహజమత్స్య సంరక్షకులు 2012లో న్యాయస్థానము కెక్కిరి. పొదుగుశాలను నడుపు ఎల్వా క్లాలం జాతివారికిని ఒక న్యాయము కలదు: ఒడంబడికవలన చేపలపై హక్కు వారిది, బురద నిండిన ఏటిలో మిగిలిన కొద్ది చేపలును నశించిన యెడల ఆ హక్కు కాగితమునకే పరిమితమగును. గాలము వేయువారిలో పలువురు కూడ చేపయే లేని నదిని కాపాడి ఫలమేమని అడుగుచుందురు.

బంగ్లాదేశ్ మరొక త్రోవ త్రొక్కినది. ఆక్టోబరు ప్రాంతమున గ్రుడ్లు పెట్టు ఇరువదిరెండు దినములు వేటను నిలిపి, జాట్కా యను పిల్లచేపలను పట్టుటను నిషేధించి, ఆ రోజులలో బెస్తల కుటుంబములకు బియ్యము పంచిరి. 2002–03లో రెండు లక్షల టన్నుల లోపున నున్న ఇలిశ దిగుబడి 2017–18 నాటికి అయిదు లక్షల టన్నులను దాటినది. ఇందు పొదుగుశాలల పాత్ర చెప్పుకొనదగినది కాదు. బియ్యమే లేకున్న నిషేధము నిలుచునా యన్నది వేరొక ప్రశ్న. ఆకలిగొన్న యింటిలో చట్టమునకు చోటు తక్కువ.

యానాము సంగతి యిచ్చటనే ప్రత్యేకమగును. మన తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు అరువదియొక్క దినములు యాంత్రిక నావల సముద్రవేటకు నిషేధము కలదు. పులస ఏటికెక్కునది ఆ గడువు తీరిన పిదపనే. కడలిలో దానికి దొరకిన రక్ష నదీముఖమున, సరిగా గ్రుడ్లతో వచ్చువేళ, లేకపోవుచున్నది. పల్లెకారునికైనను ఏడాది అప్పు తీర్చుకొను రోజులవి. గ్రుడ్లతోనున్న చేపకే ధర హెచ్చు. దానిని విడిచిపెట్టుమనుట మాటలతో కాదు, ధనముతో చెప్పవలసిన పని.

పైగా 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలోనుండిన యానాము ఇప్పుడు పుదుచ్చేరి ప్రభుత్వము క్రిందిది. ఎదుటి గట్టున ఎదుర్లంక ఆంధ్రప్రదేశమునకు చెందినది. ఒక గట్టున వల నిలిపి ఎదుటి గట్టున వల దించిన యెడల చేపకు ఒరుగునదేమియు లేదు. చిన్నకన్నుల వలలకు పిల్లచేపలు చిక్కకుండుటకును, వరద మొదటి వారములలో కొన్ని దినములు వేట విడుచుటకును, ఆ దినములకు కూలి చెల్లించుటకును రెండు ప్రభుత్వములును ఒకే తేదీలను నిర్ణయించుకొనవలెను. పొదుగుశాల పెట్టదలచినను గౌతమిలో పట్టిన తల్లిచేపలనే గ్రహించి, విడిచిన పిల్లలకు గుర్తులు వేసి, వానిలో ఎన్ని మరల ఎర్రనీటికి తిరిగివచ్చినవో లెక్కించునట్లు ఏర్పాటుండవలెను. ఈ రెండు పనులలో వలల నియమమునకు వ్యయము తక్కువ. అది రాబోవు వరదకే ఆరంభింపదగినది.