ఆరుబయట పొయ్యి – అందరికీ జాగ్రత్తలు



క్రిస్మస్ ప్రేమవిందు అయినా, సంక్రాంతి పిండివంటలయినా, పెండ్లి భోజనమయినా మన జలదంకి, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పెద్ద వంటకు ఆరుబయటే పొయ్యి పెడతాం. పొట్టేలు తలకాయ, కాళ్ళు కాల్చేది కూడా వాకిట్లోనే. పట్నాల్లో ఉంటున్న మన పిల్లలు అపార్టుమెంటు మిద్దెల మీద బొగ్గులపై కోడి, చేపలు కాలుస్తున్నారు. బయటే గదా, భయమేముంది అనుకుంటాం. కానీ బయట గాలి ఎటు తిరుగుతుందో చెప్పలేము. గడ్డివామిని కాల్చడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల వంటశాలలో పుట్టిన మంట ఆకుకప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు చనిపోయారు.

పొయ్యి వెలిగించే ముందు

1. గడ్డివామి, పశువుల కొట్టం, పూరికప్పు, షామియానా, కరెంటు తీగలకు దూరంగా పొయ్యి పెట్టండి. గాలి వీచే వైపున ఇవేవీ ఉండకూడదు. గాలి ఎక్కువగా ఉంటే వంట ఆపండి.
2. రెండు బకెట్ల నీళ్ళు, ఒక గంప ఇసుక దగ్గర ఉంచుకోండి.
3. అపార్టుమెంటు బాల్కనీలో బొగ్గులు రాజేయవద్దు. పైఅంతస్తులో ఆరేసిన బట్టలకు మంట అంటుకోవచ్చు.

వంట చేసేటప్పుడు

1. నైలాన్, పాలిస్టర్ చీరలు వద్దు. నూలు బట్టలు కట్టుకొని, కొంగు నడుముకు దోపుకోండి.
2. రాజుకోని పొయ్యిలో కిరోసిన్, పెట్రోలు పోయవద్దు. మంట ఒక్కసారిగా ఎగసి మీదికి వస్తుంది.
3. నూనె అంటుకుంటే నీళ్ళు చల్లవద్దు. వీలైతే మంట ఆపి, మూకుడుపై మూత పెట్టండి.
4. గ్యాస్ బండ వాడితే దాన్ని నిలువుగా, మంటకు దూరంగా ఉంచండి. ట్యూబు పగుళ్ళు చూడండి. గ్యాస్ గాలికన్నా బరువైనది, నేలబారున పాకుతుంది.
5. పిల్లలను పొయ్యి దగ్గరకు రానివ్వవద్దు.

వంట అయిన తర్వాత

నివురుగప్పిన నిప్పు తెల్లవారేదాకా బతికే ఉంటుంది. బాగా నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోయండి. వేడి బూడిదను పెంటదిబ్బలో వేయవద్దు. చలికి బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకొని నిద్రపోవద్దు. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. అది నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఒళ్ళు కాలితే

బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు. నేలమీద పడి దొర్లాలి. పక్కనున్నవారు మందపాటి దుప్పటి కప్పి మంట ఆర్పాలి. కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లని నీళ్ళు ధారగా పోయండి. ఐసు వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. సిరా, పేస్టు, పసుపు, పేడ పూస్తే గాయం చీము పట్టడమే కాక, ఎంత లోతుగా కాలిందో డాక్టరుకు కనబడదు. పొక్కులు చిదమకుండా, శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకురండి. ముఖం కాలినా, పొగ పీల్చి గొంతు బొంగురుపోయినా ఒక్క క్షణం ఆలస్యం చేయవద్దు.

అగ్నిమాపక కేంద్రానికి 101, అంబులెన్సుకు 108, గ్యాస్ లీకైతే 1906కు ఫోను చేయండి.

ఈ సంగతులు చదవలేని వంటవారికి మీరే చదివి వినిపించండి. పండుగ రోజున ఏ ఇంటా కన్నీరు ఉండకూడదని మా ప్రార్థన.