మీకు తెలుసా? ఎండాకాలంలో టమాటా పూత నిలవదు!

కుండీలో టమాటా మొక్క ఏపుగా పెరిగి, నిండా పూసి, ఒక్క కాయా నిలవకపోతే ఎరువును తిట్టకండి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటినా, రాత్రి ఉక్క తగ్గకపోయినా పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. వేడి 30 డిగ్రీలు మించితే పండుకు ఎరుపునిచ్చే లైకోపీన్ కూడా సరిగా తయారవదు. మండువేసవి పండ్లు నారింజ రంగు దగ్గరే ఆగిపోయేది అందుకే. ఇంటి సాగుకు వానలు తగ్గుముఖం పట్టాక నారు నాటుకోవడం మేలు.

ఇక రకాలు. కొన్ని పొట్టిగా, గుబురుగా పెరిగి దాదాపు ఒకేసారి కాపునిచ్చి ఆగిపోతాయి. బాల్కనీకి అవే నయం. మరికొన్ని సాగుతూనే ఉంటాయి, కర్ర ఊతం తప్పదు. పాతకాలపు పూసా రూబీ కాస్త పులుపు. చారుకు దాన్ని మించింది లేదంటాను! దాని విత్తనం దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ ఆకుముడత వైరస్‌నూ, బాక్టీరియా ఎండు తెగులునూ, ఆకుమాడు తెగులునూ తట్టుకుంటుంది. కానీ అది హైబ్రిడ్. దాని గింజలు నాటితే తల్లి గుణాలు యథాతథంగా రావు, విత్తనం ప్రతిసారీ కొనాల్సిందే.

తేనెటీగలు రాలేదని బెంగ వద్దు. టమాటా పువ్వు తనకు తానే ఫలదీకరణ చెందుతుంది. పొద్దున పూగుత్తిని వేలితో మెల్లగా తడితే చాలు.

కాయ అడుగున నల్లబడి కుళ్లుతోందా? నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కావడంతో కాయకు కాల్షియం అందడంలేదన్నమాట. దానికి పురుగుమందు కొట్టడం శుద్ధ దండగ.